సవరణ: 100 కాదు, 20 మంది ఉంటే చాలు

బెజవాడ ఆటోనగర్ షెడ్లలో పనివాళ్లు ఎందుకు నిలవడం లేదో మొన్న రాస్తూ, 100 మంది ఉంటేనే ఫిర్యాదుల కమిటీ తప్పనిసరి అన్నాను. అది తప్పు. ఆ 100 లెక్క వర్క్స్ కమిటీది (యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య సఖ్యత కోసం పెట్టే వేరే కమిటీ), అదీ ప్రభుత్వం ఆదేశిస్తేనే. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 ప్రకారం 20 మంది, ఆపైన కార్మికులున్న ప్రతిచోటా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికులు సమానం. మొత్తం 10 మందికి మించకూడదు. కార్మిక కేసులు చూసే లాయరు గారొకరు చెబితే చట్టం తీసి చదివాను. రాసే ముందే చదవాల్సింది.

ఇంకొకటి. పనివాళ్ల మాట వింటే చాలు, జీతం పెంచక్కర్లేదని ఆ వ్యాసంలో నేనన్నట్టు కొందరు అనుకున్నారు. అలా అనలేదు. వెల్డింగ్ పొగ గురించి మూడుసార్లు చెప్పినా యజమాని పట్టించుకోకపోతే షెడ్డులో పనిచేసే కుర్రాడు నాలుగోసారి చెప్పడు, అదే జీతానికి పక్క షెడ్డుకు పోతాడు అన్నాను. దానికి కట్టుబడే ఉన్నాను.