0.125 పెద్దదని రాసిన పిల్లవాడికి మర్నాడు ఏం చెప్పాలి?

విశాఖలో ఏదైనా బడికి సాయం అనగానే ఊరికి దూరంగా ఉంటున్న మన సంఘాలకు ముందుగా గుర్తొచ్చేవి పదో తరగతి ఫస్టుకు బహుమతి, కంప్యూటర్లు, బెంచీలు. అవీ కావాలి. కానీ తరగతిలో రోజూ పిల్లలకు ఏ ప్రశ్న ఇస్తున్నారు, జవాబు చూసి మర్నాటి పాఠంలో ఏం మారుస్తున్నారు అన్నవాటి మీదకు మన దృష్టి పోవడం లేదు. పోవాలి.

దశాంశాల పాఠమే తీసుకోండి. 0.3, 0.45, 0.125లో ఏది పెద్దది? 0.125 అన్నవాడు చుక్క వదిలేసి 125 అని చదివాడు. 0.3 అన్నవాడు చుక్క తర్వాత అంకెలు పెరిగేకొద్దీ విలువ తగ్గుతుందనుకుంటున్నాడు. పెద్దది 0.45 కాబట్టి ఇద్దరిదీ తప్పే, కానీ జబ్బు వేరు, మందు వేరు. అదే ప్రశ్నలో 0.3 తీసేసి 0.6 పెడితే రెండోవాడికి ఒప్పు పడిపోతుంది, వాడి పొరపాటు టీచరు కంట పడదు. ప్రశ్న తయారు చేసేటప్పుడు ఒక్కో తప్పు జవాబూ ఏ పొరపాటును పట్టిస్తుందో ముందే రాసుకోవాలనేది ఇందుకే.

ఇవే అంకెలను కిలోల్లో తూకాలుగా ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఎలక్ట్రానిక్ కాటా మీద చూపిస్తే 0.300, 0.450, 0.125 అని పడతాయి. చుక్కను పట్టించుకోకపోయినా 450 పెద్దదని ఎవరైనా చెప్పేస్తారు. బజారులో చెప్పగలిగిన పిల్ల పరీక్షలో తప్పిందంటే బద్ధకం అనుకోకూడదు, ఆ రెండు పనులూ ఒకటి కావు. ఒక పాఠానికి ఒకే రకం పరీక్ష చాలదు, మూడు రకాలు కావాలి.

మొదటిది చీటీ. పీరియడు చివరి 5 నిమిషాల్లో పావు కాగితం మీద ఒకే ప్రశ్న. మార్కులు వేయొద్దు, జవాబును బట్టి మూడు కట్టలు కట్టాలి. 0.125 కట్టవాళ్లకు మర్నాడు 100 గళ్ల చతురస్రంలో రంగు వేయించాలి: 30 గళ్లు, 45 గళ్లు, పన్నెండున్నర గళ్లు. చివర సున్నాలు చేర్చి పోల్చమని చెబితే జవాబు వస్తుంది, అర్థం కాదు. 0.3 కట్టకు సంఖ్యారేఖ మేలు.

రెండోది ప్రాజెక్టు. బడిలో ఏడాది మధ్యమధ్యలో పిల్లల చదువును అంచనా వేసే మార్కుల్లో ప్రాజెక్టుకూ వాటా పెట్టారు. ఆ ప్రాజెక్టు మార్కులు చాలాచోట్ల ధర్మాకోల్ బొమ్మకు పోతున్నాయి. ఇంటి నుంచి చేయించుకొచ్చిన బొమ్మ అమ్మానాన్నల ఖర్చును కొలుస్తుంది తప్ప పిల్లవాడి చదువును కాదు. ప్రాజెక్టు తరగతిలోనే, రెండు పీరియడ్లలో జరగాలి. రైతుబజారు ధరల పట్టీ బోర్డు మీద రాసి, నలుగురి జట్టులో ఒక్కొక్కరికీ వేరే బుట్ట ఇవ్వాలి: ఒకరికి టమాటా 0.75 కిలో, పచ్చిమిర్చి 0.125 కిలో, ఇంకొకరికి బెండ 0.5 కిలో, వంకాయ 1.25 కిలో. మొదటిసారి కిలో ధరలు 40, 48, 80 లాంటివి, 8తో తెగేవి పెట్టండి. లేకపోతే భాగహారం దగ్గరే పిల్లలు ఆగిపోయి, దశాంశాలు వచ్చాయో లేదో బయటపడదు.

మార్కులు దేనికో పని మొదలవకముందే బోర్డు మీద ఉండాలి: గ్రాముల్లోకి మార్చడానికి, ధర కట్టడానికి, ఎలా కట్టారో చెప్పడానికి. రంగులకు, చేతిరాతకు సున్నా. గ్రాములు తప్పినా, ఆ తప్పు అంకెతోనే ధర సరిగ్గా కడితే ధర మార్కులు పూర్తిగా ఇవ్వాలి; ఒకే తప్పుకు రెండుసార్లు కోత న్యాయం కాదు.

జట్టంతటికీ ఒకే మార్కు వేస్తే పని ఒకరిది, మార్కు నలుగురిది అవుతుంది. అందుకే మూడోది, నోటి ప్రశ్న: తలా ఒక నిమిషం, "నీ బుట్టలో ఈ ధర ఎలా వచ్చిందమ్మా?" 40 మంది ఉంటే రోజుకు పదిమంది చొప్పున నాలుగు రోజులు.

వీటికి కావలసింది కాగితాలు, జిరాక్సు ఖర్చు, ఒక కాటా, ప్రశ్నలు కలిసి తయారు చేసుకోవడానికి టీచర్లకు నెలకు ఒక పూట. ఈసారి వైజాగ్ వెళ్లి మనం సాయం చేసిన బడిలో అడుగుపెడితే, ర్యాంకులతో పాటు ఇదీ అడగండి: 0.3 కట్టలో ఎంతమంది ఉన్నారు, మర్నాడు వాళ్లతో ఏం చేయించారు?