మీరు ఓటెయ్యండి, నేను శిక్ష వేస్తాను

జడ్జీలను పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి ఎంచుకునే దేశాలంటే నాకు జాలి. మన రాజ్యాంగంలో 233వ అధికరణమే చూడండి. బార్ నుంచి నేరుగా జిల్లా జడ్జి కావాలంటే కనీసం ఏడేళ్ళు వకీలుగా పనిచేసి ఉండాలి, హైకోర్టు సిఫారసు చేయాలి, గవర్నర్ నియమించాలి. ఇందులో జనం ఎక్కడ? సర్పంచ్‌ని ఎన్నుకుంటాం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని ఎన్నుకుంటాం, అక్కడ పడినన్ని తగాదాలు అసెంబ్లీ ఎన్నికల్లో కూడా పడం. మనల్ని పదేళ్ళు లోపల వేయగల మనిషిని ఎన్నుకునే భాగ్యం మాత్రం మనకు లేదు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం వాళ్ళు తెలివైనవాళ్ళు. 1876 నాటి తమ రాజ్యాంగంలోనే ఈ సంగతి రాసిపెట్టుకున్నారు. జిల్లా జడ్జి పదవికి అక్కడ నాలుగేళ్ళకోసారి ఎన్నిక, అదీ పార్టీ టికెట్ మీద. ముందు సొంత పార్టీలో ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక, గెలవాలి, తర్వాత నవంబరులో అసలు పోటీ. బ్యాలట్ మీద అభ్యర్థి పేరు పక్కనే పార్టీ పేరు ఉంటుంది. న్యాయదేవత కళ్ళకు గంతలున్నాయి సరే, ఓటరు కళ్ళకు ఎందుకుండాలి?

జడ్జి కుర్చీకి వెళ్ళే ఈ దారిలో తరచూ తగిలే బాటసారి లోకల్ ప్రాసిక్యూటరు, అంటే నేరం కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు. పేరెందుకు గానీ, హ్యూస్టన్‌లో ఒక అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీని ఊహించుకుందాం. ఏడీఏ గారు అందాం. ఆ నగరం ఉన్న హ్యారిస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పెద్ద నేరాలు విచారించే ఒక్కో కోర్టుకు ముగ్గురు ప్రాసిక్యూటర్లను కేటాయించడం ఆనవాయితీ: చీఫ్, నంబర్ టూ, నంబర్ త్రీ. రోజూ అదే హాలు, అదే బల్ల, ఎదురుగా అదే జడ్జి. మూడో నంబరు నుంచి మొదటి నంబరుకు ఎదిగేసరికి ఆ కుర్చీ ఎంత ఎత్తులో ఉందో, వాయిదా ఎలా వేయాలో, డిఫెన్సు లాయరు అభ్యంతరం చెబితే కళ్ళజోడు మీంచి ఎలా చూడాలో అన్నీ కంఠతా వచ్చేస్తాయి. పైగా ఆయన బాసు, అంటే డిస్ట్రిక్ట్ అటార్నీ కూడా ఎన్నికై వచ్చినవారే. ఉద్యోగంలో చేరిన రోజే ఎన్నికల గాలి సోకుతుంది. ఇక ఫైలు మీద ఉండాల్సిన చూపు కుర్చీ మీదికి ఎప్పుడు మళ్ళిందో ఏడీఏ గారికే తెలియదు.

అర్హత పెద్ద అడ్డంకి కాదు. ఒకప్పుడు నాలుగేళ్ళ అనుభవం చాలేది. 2021లో జనమే ఓటేసి దాన్ని ఎనిమిదేళ్ళకు పెంచారు. జడ్జికి కాస్త అనుభవం ఉంటే బాగుంటుందన్న ఛాందసం టెక్సాస్‌కు కూడా పాకిందంటే మనసు చివుక్కుమంటుంది.

అసలు ప్రతిభంతా కరపత్రంలో ఉంది. పోస్టు డబ్బాలో పడే నున్నటి కార్డు. ముందువైపు ఏడీఏ గారు, భార్య, ఇద్దరు పిల్లలు, నాలుక బయటపెట్టిన లాబ్రడార్. వెనకవైపు సంకెళ్ళు వేసిన రెండు చేతులు. ఆ చేతులు ఎవరివో తెలియదు, మొహం ఉండదు. దాని కింద లావుపాటి అక్షరాల్లో ఇన్నేళ్ళ సర్వీసులో ఇంతమందిని జైలుకు పంపానన్న లెక్క. ఇంకా కింద, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనబడని సైజులో, నిష్పాక్షికత అనే మాట.

ఈ తర్కం ముందు మన గౌతముడి న్యాయసూత్రాలు కూడా చేతులెత్తేయాలి. ఇన్నేళ్ళూ ఒక పక్షం తరఫునే నిలబడి గెలిచాను కాబట్టి, ఇక ఏ పక్షమూ లేకుండా కూర్చుంటాను, ఓటెయ్యండి అంటున్నారు ఏడీఏ గారు. జనం సబబే అంటున్నారు. ఎదురు నిలబడింది డిఫెన్సు లాయరైతే ఆయన పాట్లు చూడాలి. తప్పు చేయని మనిషిని జైలు పాలు కాకుండా కాపాడటమూ న్యాయమే గానీ, "ఇంతమందిని విడిపించాను" అని కార్డు మీద వేసుకుంటే డిపాజిట్ దక్కదు. అందుకని ఆయన కూడా ఏ పోలీసు సంఘం మద్దతో సంపాదించి, దాన్ని పిల్లల ఫొటో కంటే పెద్దగా వేసుకుంటారు.

నోరు జారకుండా మాట్లాడటం కూడా ఒక విద్య. జడ్జి పదవికి పోటీ చేసేవాళ్ళు వివాదాస్పద విషయాల మీద అభిప్రాయం చెప్పకూడదని మిన్నెసోటా రాష్ట్రం ఒక నిబంధన పెట్టుకుంటే, 2002లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వాక్ స్వాతంత్ర్యం మరి. కాబట్టి దొంగలంటే నాకు పరమ అసహ్యం అనొచ్చు. ఫలానా దొంగకు ఇరవై ఏళ్ళు వేస్తానని మాట ఇవ్వకూడదు. తేడా ఓటరుకు తెలిసినా తెలియకపోయినా, దొంగకు తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు. జడ్జి ఎన్నికకు చందా ఎవరిస్తారు? కిరాణా కొట్టాయన ఇవ్వడు, ఆయనకు ఆ కోర్టు ఎక్కడుందో కూడా తెలియదు. ఇచ్చేది లాయర్లే, రేపు అదే జడ్జి ముందు "యువర్ ఆనర్" అంటూ లేచి నిలబడాల్సినవాళ్ళు. ఇది అవినీతి అనుకుంటే పొరపాటు, దీనికి చట్టం ఉంది. 1995లో టెక్సాస్ చేసిన ఆ చట్టం ప్రకారం జనాభా 10 లక్షలు దాటిన చోట ఒక మనిషి ఇవ్వగలిగేది 5,000 డాలర్లే. ఒకే లా ఫర్మ్‌లోని వాళ్ళంతా కలిసి ఇవ్వాలనుకుంటే దానికి ఆరు రెట్ల దాకా వెళ్ళొచ్చు. అంతకు మించితే అభిమానం హద్దు దాటినట్టు.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఎన్నిక అయిపోయాక 120 రోజుల దాకా చందాలు తీసుకోవచ్చు. ఎన్నిక అయ్యాక ప్రచారానికి డబ్బెందుకని అడగకండి. ఓడిపోయే గుర్రం మీద పందెం కాసిన లాయర్లు ఏమైపోవాలి? వాళ్ళకు పశ్చాత్తాపపడే అవకాశం ఉండొద్దా? ఇలా ఫలితాలు వచ్చాక గెలిచినవాళ్ళకు చేరే సొమ్మును అక్కడ 'లేట్ ట్రైన్' అంటారు. మన రైళ్ళ ఆలస్యానికి ఇంతటి ప్రయోజనం ఎన్నడూ దక్కలేదు.

ఫ్లోరిడా వాళ్ళకు కొంచెం మొహమాటం ఎక్కువ. అభ్యర్థి తన నోటితో చందా అడగకూడదు, కమిటీ చేత అడిగించుకోవాలి. ఎవరెంత ఇచ్చారో తెలుసుకుని థ్యాంక్యూ ఉత్తరం రాయొచ్చు. ఈ పద్ధతి న్యాయవ్యవస్థ గౌరవాన్ని కాపాడుతుందని 2015లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. పెళ్ళికొడుకు నోరు విప్పడు, మేనమామే కట్నం మాట్లాడతాడు, అంతేగా. టెక్సాస్‌లో ఆ తెర కూడా లేదు. అభ్యర్థే ఫోన్ చేసి అడగొచ్చు.

ఇంత ఖర్చుపెట్టి, ఇన్ని చేతులు కలిపి, ఇన్ని చర్చిల్లో కాఫీ తాగాక ఏడీఏ గారి జాతకాన్ని నిర్ణయించేది ఆయన ప్రతిభా, కరపత్రమా, లాబ్రడారా? ఏదీ కాదు. హ్యారిస్ కౌంటీలో 1994లో జడ్జి పదవులు దాదాపు అన్నీ రిపబ్లికన్లు ఊడ్చుకుపోయారు. 2018లో పోటీ జరిగిన 59 జడ్జి పదవులూ డెమొక్రాట్లకే పోయాయి. ఓడినవాళ్ళంతా ఒక్కసారిగా చట్టం మర్చిపోయారా, గెలిచినవాళ్ళకు రాత్రికి రాత్రే వచ్చేసిందా? అప్పట్లో ఒక్క గుర్తు నొక్కితే పార్టీ మొత్తానికి ఓటు పడిపోయే ఏర్పాటు ఉండేది. 2020 ఎన్నికల నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు ఓటరు పాపం అంత పొడవు బ్యాలట్‌లో ఒక్కో జడ్జి పేరూ చదువుకుంటూ, ఒక్కో పేరు పక్కనా తన పార్టీనే వెతుక్కుంటూ కిందికి దిగాలి.

పార్టీ గాలి లేకపోతే పేరు బలం ఉండాలి. 1976లో డాన్ యార్‌బ్రో అనే ఆయన టెక్సాస్ సుప్రీంకోర్టుకు ఎన్నికయ్యారు. ఆ రాష్ట్రంలో యార్‌బరో అనే ఇంటిపేరుతో పేరున్న రాజకీయ నాయకులు ఉండేవారు, ఓటర్లు ఈయన్ని కూడా వాళ్ళలో ఒకరనుకున్నారని అందరూ చెప్పే మాట. 1977లోనే ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది, తర్వాత అబద్ధపు సాక్ష్యం కేసులో శిక్ష పడింది. ఇంటిపేరు చూసి ఓటేయడం మన పేటెంటు అనుకునేవాళ్ళకు ఇది కొంచెం నిరాశే.

సరే, ఏడీఏ గారు గెలిచారు, నల్లగౌను తొడిగారు. తను ప్రాసిక్యూటరుగా నడిపిన కేసు తన ముందుకే వస్తే వినకూడదు, పక్క జడ్జికి వదిలేయాలి. మిగిలినవి హాయిగా వినొచ్చు. అయితే క్యాలెండరు ఊరుకోదు. పెన్సిల్వేనియా జడ్జీలిచ్చిన తీర్పులను గ్రెగరీ హ్యూబర్, శాన్‌ఫోర్డ్ గోర్డన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు తవ్వితీసి 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. మళ్ళీ జనం ముందుకు వెళ్ళాల్సిన గడువు దగ్గరపడే కొద్దీ శిక్షలు పొడుగవుతున్నాయని అందులో తేల్చారు. నేరస్థులకు ఇంతకంటే స్పష్టమైన ముహూర్త బలం ఏ పంచాంగమూ చెప్పలేదు: ఏదైనా చేయదలిస్తే ఎన్నిక అయిన మర్నాడు చేయండి.

మనవాళ్ళ మాటకొస్తే, 2024లో విజయవాడలో పుట్టిన జయ బాడిగ గారు కాలిఫోర్నియాలో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా ప్రమాణం చేస్తూ తెలుగులో మాట్లాడితే వాట్సాప్ గ్రూపులన్నీ పులకించాయి. ఆమెను గవర్నర్ నియమించారు. అందువల్ల మన సంఘాలకు ఫ్లెక్సీలు కట్టే భాగ్యం దక్కలేదు. టెక్సాస్ ఫోర్ట్ బెండ్ కౌంటీలో మాత్రం కాసరగోడ్‌లో బీడీలు చుట్టి చదువుకున్న సురేంద్రన్ పట్టేల్ గారు 2022లో ఓట్లతోనే జిల్లా జడ్జి అయ్యారు. అప్పటి నుంచి షుగర్‌ల్యాండ్, కేటీ వైపు మనవాళ్ళ తల్లిదండ్రులకు డాక్టరు, ఇంజినీరు తర్వాత మూడో కోరిక పుట్టి ఉంటుందని నా అనుమానం.

ఈ పద్ధతి మన జిల్లాలకు తేవడం కష్టమేమీ కాదు. మన పబ్లిక్ ప్రాసిక్యూటర్లు సగం శిక్షణ ఎప్పుడో పూర్తిచేశారు. ప్రభుత్వం మారగానే జీపీలు (గవర్నమెంట్ ప్లీడర్లు), పీపీలు (పబ్లిక్ ప్రాసిక్యూటర్లు) మారిపోవడం మనకు కొత్తా? పీపీ కూడా అడ్వకేటే, జిల్లా జడ్జి పోస్టుకు అర్హుడే అని మన సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఇక మిగిలింది బీ-ఫారం, గుర్తు, కులాల లెక్క, నామినేషన్ రోజు బైకు ర్యాలీ.

ఒక్క చిక్కుంది, కండువా. టెక్సాస్‌లో క్రిమినల్ కేసులకు అన్నిటికంటే పై కోర్టులో రిపబ్లికన్‌గా గెలిచిన జడ్జి లారీ మేయర్స్ 2013లో బెంచీ మీద ఉండగానే డెమొక్రటిక్ పార్టీలోకి దూకారు, 2016లో ఓడిపోయారు. మన దగ్గర ఫిరాయింపుల చట్టం ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు ఉంది గానీ జడ్జీలకు లేదు. గోడ దూకిన జడ్జి మీద అనర్హత పిటిషన్ ఎవరికివ్వాలి? స్పీకర్‌కిస్తే ఆయన ఏళ్ళ తరబడి తేల్చరు. పోనీ కోర్టుకే వెళ్దామంటే, ముందు ఆ జడ్జిగారు పొద్దున ఏ పార్టీలో ఉన్నారో వాకబు చేసుకుని వెళ్ళాలి.