యాభై వేల లోపు రికార్డు ప్లేయర్ కొంటే ప్లేట్లు పాడవుతాయా?

"50 వేల లోపు టర్న్‌టేబుల్ కొన్నారంటే మీ రికార్డులు మీరే గీరుకున్నట్టు" అని మొదలై ఐదు మాటలు చెప్పే మెసేజ్ ఒకటి తిరుగుతోంది కదా, ఈసారి అది గుంటూరు బ్రాడీపేట నుంచి మా బాబాయి పంపాడు. ఆయనకి మంచి స్టీరియో ఆంప్ (ఆంప్లిఫయర్) ఉంది, ఓ జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లున్నాయి, ప్లేయరే తక్కువ, ఇది చదివి అసలు కొననంటున్నాడు.

గీరేది ధర కాదండీ, ప్లేటు గాడిలో నడిచే ముల్లు. అది ఎంత బరువుతో నొక్కుతోంది, ఎంత అరిగింది, అదీ లెక్క. సూట్‌కేస్‌లా మడిచే డబ్బా ప్లేయర్లు ఉంటాయి చూడండి, లోపలే స్పీకర్లు కూడా, వాటి సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లుని పట్టుకుని ఉండే ముక్క) 5, 6 గ్రాముల దాకా నొక్కుతుంది, తగ్గిద్దామంటే కుదరదు. వాటిని తిట్టండి, నేనూ తిడతా. కానీ ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ చూడండి, దాంతో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు, వెనక బరువు తిప్పి మనమే పెట్టుకోవచ్చు, అరిగితే ముల్లొక్కటే లాగి కొత్తది గుచ్చొచ్చు. అదే కంపెనీ చిన్న మోడల్ ఎల్‌పీ60ఎక్స్, అందులో బరువు మార్చలేం గానీ ముల్లు మార్చుకోవచ్చు. ఇంకోటి, తక్కువ బరువైతే ప్లేటుకి మంచిదేగా అని మరీ తగ్గించేస్తారు కొందరు, అప్పుడు ముల్లు గాడిలో నిలవక ఎగిరెగిరి పడుతుంది, అదీ డ్యామేజే, లక్ష పెట్టి కొన్నదైనా అంతే.

రెండోది, బెల్ట్ డ్రైవే (మోటార్ రబ్బరు బెల్టుతో తిప్పేది) ఇంటికి, డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా తిప్పేది) డీజేలకి అట. 1972లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అనే డైరెక్ట్ డ్రైవ్ ప్లేయర్ వచ్చింది ఇళ్లలో హైఫై కోసమే, డీజేలు తర్వాత పట్టుకున్నారు దాన్ని. రెండూ బానే ఉంటాయి, బెల్ట్ కొన్నేళ్లకి సాగితే మార్చుకోవాలి, అంతే.

మూడోది, ఆంప్‌లో ఏ సాకెట్‌కి పెట్టినా పాడుతుందన్నది పచ్చి అబద్ధం. పైన చెప్పిన ఆడియో టెక్నికా ప్లేయర్ల కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, పైగా ప్లేటు చెక్కేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, 1954 నుంచి ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పద్ధతి అది. దాన్ని మళ్లీ సరిచేసి, సిగ్నల్‌ని పెంచేది ఫోనో స్టేజ్ అనే సర్క్యూట్. అది లేకుండా ఆక్స్‌కి (ఆంప్‌లో మామూలు సాకెట్) పెడితే దోమ పాడినట్టుంటుంది. పైన చెప్పిన రెండిట్లోనూ ఫోనో స్టేజ్ లోపలే ఉంది, వెనక స్విచ్ ఉంటుంది, ఆంప్‌లోనూ ఉంటే ఏదో ఒకటే వాడండి, రెండూ కలిపితే చెవులు పోతాయి.

ఇక నన్ను మండించింది నాలుగోది, అమెరికా నుంచి పాతది తెప్పించుకుని వోల్టేజ్ కన్వర్టర్ పెట్టుకుంటే చాలని. ఇది మా ఇంట్లోనే అయింది. మా అన్నయ్య డల్లాస్ నుంచి సూట్‌కేస్‌లో బట్టలు తీసేసి మరీ ఓ పాత ప్లేయర్ మోసుకొచ్చాడు, విజయవాడ గవర్నర్‌పేటలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం, పెడితే ఆడగొంతు మగగొంతైంది. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 110 చేస్తుంది గానీ మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌ని అక్కడి 60 చెయ్యదుగా, ఆ పాత ఏసీ మోటార్ తిరిగేదే హెర్ట్జ్‌ని బట్టి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 28కి కూడా రాలేదు, శ్రుతి ఇంచుమించు మూడు స్వరస్థానాలు దిగిపోయింది. 50 హెర్ట్జ్‌కి సరిపోయే పుల్లీ (మోటార్‌కుండే చిన్న చక్రం) దొరికితేనే దారి, మాకు దొరకలా. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటార్లకి ఈ గొడవ లేదు, అవి తెచ్చుకోండి.

చివర్లో "ఏ ప్లేయరైనా తాతల ప్లేట్లన్నీ ఆడుతుంది" అని కూడా రాశారు. తాతల కాలం నాటి ఆ లక్క ప్లేట్లు నిమిషానికి 78 చుట్ల స్పీడు, ఎల్‌పీ60ఎక్స్‌లో ఆ స్పీడే లేదు, ఎల్‌పీ120ఎక్స్‌లో ఉంది గానీ ఆ ప్లేట్ల గాడి వెడల్పెక్కువ, విడిగా లావు ముల్లు కావాలి. బాబాయి ట్రంకుపెట్టెలో సగం అవే. ఫోన్ చేసి చెప్పా, అంతా విని "మళ్లీ ఇంకో ముల్లేంట్రా" అన్నాడు.