బీటా గారూ, ఏదో ఒక నంబరు చెప్పండి

మహారాజశ్రీ బీటా గారికి నమస్కరించి రాయునది,

నిన్న మధ్యాహ్నం గ్రూప్ మీటింగ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, గెలాక్సీలో నక్షత్రాలు ఏ దిక్కుకి ఎంతగా పోతున్నాయో చెప్పే అంకె మీరు, మీరు లేని సమీకరణం ఎక్కడుంది గనక. ఎన్‌జీసీ 3379 అనే దీర్ఘవృత్త (గుడ్డు ఆకారపు) గెలాక్సీ మోడల్ స్క్రీన్ మీద పెట్టాను. గీత డేటా చుక్కల మీదుగా ఎంత ముచ్చటగా వెళ్లిందంటే, ఎప్పుడూ తలెత్తని పక్క సీటు అబ్బాయి కూడా ఫోన్ పక్కన పెట్టి చూశాడు. ఇంత కాంతి, ఇంత బరువు, అందులో కంటికి కనిపించని కృష్ణ పదార్థం ఇంత అని నేను చెప్పబోతుంటే మా గైడ్ గారు తాపీగా "బీటా ఎంత తీసుకున్నావ్?" అన్నారు. సున్నా అన్నాను. "0.5 పెట్టి, హేలో బరువు మళ్లీ ఫిట్ చెయ్యి" అన్నారు, అంటే గెలాక్సీని చుట్టుకుని ఉన్న కృష్ణ పదార్థం బరువు. అందరి ముందే చేశాను. గీత అంతే ముచ్చటగా వెళ్లింది. కృష్ణ పదార్థం లెక్క మాత్రం పూర్తిగా మారిపోయింది. ఇక సాయంత్రం దాకా మీ చర్చే.

కాంతితో నాకు పెద్ద పేచీ లేదండి. కేంద్రం నుంచి బయటికి వెళ్లేకొద్దీ అది ఎలా తగ్గుతుందో 1948లోనే ద వోకూలర్ దూరం నాలుగో మూలంతో సూత్రం రాసిపెట్టారు, 1963లో సెర్సిక్ ఆ నాలుగు స్థానంలో ఎన్ పెట్టి మాకు తిప్పుకోడానికి ఇంకో బటన్ ఇచ్చారు. ఎన్ గారికి కూడా ఒక ఉత్తరం బాకీ ఉన్నాను, అది మరోసారి. కాంతి నుంచి బరువుకి వెళ్లే నిష్పత్తి గారు కూడా తక్కువ వారేం కాదు. చిన్న చిన్న మరుగుజ్జు నక్షత్రాలు బోలెడు బరువు మోసుకుంటూ కాంతి మాత్రం పెద్దగా ఇవ్వవు, వాటిని లెక్కపెట్టాలంటే వర్ణపటంలో సోడియం గీతల చుట్టూ తిరగాలి. సరే, అదీ భరిస్తాం.

స్పైరల్ గెలాక్సీల వాళ్లని చూస్తే కడుపు మండుతుంది. అక్కడ నక్షత్రాలూ వాయువూ గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు ఒకే వైపు తిరుగుతాయి. వేగం కొలిచామా, బరువు వచ్చేసింది. మా దీర్ఘవృత్త గెలాక్సీలో జాతర. ఎవరు ఎటు పోతున్నారో తెలీదు. అందులో లోపలికీ బయటికీ దూసుకుపోయేవారెంత, చుట్టూ తిరిగేవారెంత అని చెప్పే ఒకే ఒక ఉద్యోగం మీకిచ్చారు. సున్నా అంటే అన్ని దిక్కులా సమానం, ఒకటి అంటే అందరూ కేంద్రం మీదికే. పైన ఒకటి దగ్గర ఆగుతారు, కింద మాత్రం మైనస్ అనంతం దాకా వెళ్లొచ్చు. ఇంత స్వేచ్ఛ ఇంకే పారామీటర్‌కి ఉందో చెప్పండి.

పోనీ ఆ ఒక్క ఉద్యోగమైనా చేస్తున్నారా? మాకు కనిపించేది మనవైపు వచ్చే వేగం, మన నుంచి పోయే వేగం, అంతే. అడ్డంగా పోయేది కనిపించదు. ఆ సందులో దూరి కూర్చున్నారు మీరు.

1978లో సార్జెంట్, యంగ్ వాళ్లు ఎం87 అనే గెలాక్సీ నడిమధ్యన కాంతి ఎలా పెరుగుతోందో, నక్షత్రాల వేగాలు ఎలా పెరుగుతున్నాయో చూసి, 500 కోట్ల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ ఉండాలన్నారు. 1982లో బిన్నీ, మామన్ మిమ్మల్ని ఒకటి వైపు కాస్త జరిపారు. అంతే, బ్లాక్ హోల్ అవసరమే లేకుండా లెక్క సరిపోయింది! చివరికి ఆరు చోట్ల ఎనిమిది టెలిస్కోపులు కలిపి, ఆ నీడ ఫోటో తీసి, 2019 ఏప్రిల్ 10న 650 కోట్లు అని లోకానికి చూపించాల్సి వచ్చింది. (2013లో వాయువు తిరిగే వేగంతో వేసిన లెక్క 350 కోట్లే అంది, ఆ పాపం మీది కాదులెండి, వాయువుకి మీతో పనిలేదు.)

ఇక మీరూ గీరూ నా వల్ల కాదు. మధ్యలో ఉన్న బరువునే లేనట్టు చూపిస్తావు సరే, అంచుల్లో ఉన్న బరువుని కూడా ఎందుకు దాస్తావు? 2003లో లా పాల్మా టెలిస్కోపుతో, ఆకుపచ్చగా వెలిగే ప్లానెటరీ నెబ్యులాలను (చివరి దశలో నక్షత్రాలు వదిలే వాయు మేఘాలను) ఒక్కొక్కటే ఏరుకుని, రొమనోవ్‌స్కీ వాళ్లు మామూలు దీర్ఘవృత్త గెలాక్సీల్లో కృష్ణ పదార్థం పెద్దగా కనిపించట్లేదన్నారు. నా 3379 కూడా అందులోదే. ఎంత గొడవ! 2005లో డెకెల్ వాళ్లు సిమ్యులేషన్లు చూపించి, హేలో ఉంది, అంచుల్లో నక్షత్రాలు నీ మాట విని లోపలికీ బయటికీ పరిగెడుతున్నాయి, ఆ వేగం మనకి అడ్డంగా ఉంటుంది కాబట్టి తక్కువ కనిపిస్తోంది అన్నారు. 2009లో ఇదే 3379ని మళ్లీ తీసుకుని అన్ని రకాల హేలోలూ పెట్టి చూస్తే, బోలెడన్ని డేటాకి సరిపోయాయి. సరిపోయాయి! ఏదో ఒకటి కాదు, బోలెడన్ని! అసలు సిగ్గుందా నీకు? ఇన్నేళ్ల పాటు ఇంతమంది కష్టపడితే వచ్చిన జవాబు "ఉండొచ్చు, అంతగా ఉండకపోవచ్చు" అనా?

వేగాల పంపిణీ ఆకారం, అదే హెచ్4 అనే అంకె, కొలిస్తే నీ గుట్టు కొంత బయటపడుతుందని 1993 నుంచీ తెలుసు. కానీ దానికి బాగా కాంతి కావాలి, నువ్వు ఆటలాడేది కాంతి లేని చోట. ఆ అంచుల కోసం టెలిస్కోపు టైమ్ అడిగితే కమిటీ వాళ్లు "ఆసక్తికరమైన ప్రతిపాదన" అని రాసి తిప్పి పంపారు. ఆసక్తికరం అంటే ఏమిటో మనందరికీ తెలుసు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ గెలాక్సీ ఎలా పుట్టింది, ఎవరు ఎవరితో ఢీకొట్టుకుంటే వచ్చింది అన్న జ్ఞాపకం కొంత నీ దగ్గరే ఉంది. అందుకే నిన్ను తీసి అవతల పారేయలేం, అదే నీ ధైర్యం కూడా.

ప్రస్తుతానికి నిన్ను -0.5 నుంచి 0.5 దాకా నీ ఇష్టమొచ్చినట్టు తిరగమని వదిలేసి, బరువు పక్కన ఎర్రర్ బార్ బారెడు పెట్టి పేపర్ పంపిస్తున్నాను. రిఫరీ అడిగితే నేరుగా నీ పేరే చెప్తా.

ఇట్లు,
నీ మీద ఆధారపడ్డ ఒక పీహెచ్‌డీ విద్యార్థి