ఎడమ లేన్ ఎవరిది?

మేం మ్యూనిక్‌లో ఉంటాం. మొన్న వేసవిలో మా అత్తగారినీ మామగారినీ తీసుకుని మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చాడు. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలో డోలమైట్ కొండలు, అక్కణ్ణుంచి వెరోనా, వారం రోజుల ప్రయాణం. మా ఇద్దరికీ ఆ వారం సెలవు దొరకలేదు. కారు అద్దెకి తీసుకుని తనే నడుపుతానన్నాడు తమ్ముడు. వద్దంది అక్క, అంటే మా ఆవిడ. రాత్రి భోజనాలయ్యాక, పెద్దవాళ్లు పడుకున్నాక, వంటింటి బల్ల దగ్గర ఇద్దరి మధ్యా జరిగిన వాదన ఇది. నేను గిన్నెలు సర్దుతూ విన్నాను.

అక్క: ముందు ఒక్కటి చెప్పు. కుడివైపు నడిపే రోడ్డు మీద ఎప్పుడైనా స్టీరింగ్ పట్టుకున్నావా?

తమ్ముడు: లేదు. కానీ పన్నెండేళ్లుగా హైదరాబాద్–విజయవాడ హైవే మీద తిరుగుతున్నా. ఓఆర్‌ఆర్ మీద రోజూ వెళ్తున్నా. రాంగ్ సైడ్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్లనీ, చీకట్లో లైటు లేకుండా ఆపిన లారీలనీ తప్పించుకుంటూ నడిపినవాణ్ణి. ఇక్కడ గేదె అడ్డం రాదు, ఆటో అడ్డం రాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అదే ఏడాది జర్మనీలో 2,788 మంది. జనాభాతో పోల్చి చూసినా, లక్షకి అక్కడ దాదాపు 12 మంది, ఇక్కడ ముగ్గురు. ఏ రోడ్డు భయంకరమో నువ్వే చెప్పు.

అక్క: రోడ్డు భయంకరమని నేనలేదురా. ఇక్కడ అంత తక్కువమంది పోవడానికి కారణం ఏమిటనుకున్నావు? పక్కవాడు ఏం చేస్తాడో ప్రతివాడికీ ముందే తెలుసు. ఆ నమ్మకం మీదే అంత స్పీడుగా వెళ్తారు. ఆ నమ్మకానికి లొంగనివాడు ఆ రోజు రోడ్డు మీద ఒక్కడే ఉంటే, వాడు నువ్వే అవుతావు.

తమ్ముడు: నేను నిబంధనలన్నీ చదివాను. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకున్నా. మన లైసెన్సు, ఆ పర్మిట్, రెండూ నా దగ్గరున్నాయి.

అక్క: చదవడం వేరు. నేనూ ఆరు నెలలు మన లైసెన్సు మీదే నడిపాను. ఆ తర్వాత అది చెల్లదన్నారు. మొదటినుంచీ రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాయాల్సొచ్చింది. డ్రైవింగ్‌లో మొదటిసారి తప్పాను. ఎందుకో తెలుసా? లేన్ మారేటప్పుడు అద్దం చూశాను, ఇండికేటర్ వేశాను, కానీ మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడలేదు. దాన్ని షుల్టర్‌బ్లిక్ అంటారు. అద్దంలో పడని మూల ఒకటుంటుంది, అందులో ఒక బండి మొత్తం దాక్కోగలదు. హైదరాబాద్‌లో ఆ మూలలో ఉన్నవాడు హారన్ కొడతాడు, మనం చెవులతో నడుపుతాం. ఇక్కడ హారన్ వినపడదు. కళ్లతోనే నడపాలి.

తమ్ముడు: సరే, మెడ తిప్పుతా. అంతేకదా?

అక్క: అంతే కాదు. అసలు సంగతి ఎడమ లేన్. మన దగ్గర ఎడమ లేన్ అంటే ఏమిటి?

తమ్ముడు: నెమ్మదిగా వెళ్లేవాళ్లది.

అక్క: చిన్నప్పుడు నాన్న వెనక సీట్లో కూర్చున్నప్పటినుంచీ మన ఒంట్లో ఇంకిపోయింది అది. అలిసిపోతే ఎడమకి జరుగు, ఫోన్ వస్తే ఎడమకి జరుగు, దారి తెలియకపోతే ఎడమకి జరుగు. ఇక్కడ ఎడమ అంటే అందరికన్నా స్పీడుగా వెళ్లేవాళ్లది. ఆటోబాన్‌లో, అంటే ఇక్కడి మోటార్‌వేల మీద, దాదాపు 70 శాతం దూరానికి స్పీడ్ లిమిట్ లేదు. 130 అనేది సలహా మాత్రమే. నువ్వు 100లో వెళ్తూ, అమ్మ ఏదో అడిగితే వెనక్కి ఓ చెవి పెట్టి, తెలియకుండానే ఎడమకి జరిగావనుకో. వెనక ఒకడు 180లో వస్తున్నాడు. మీ ఇద్దరికీ తేడా గంటకి 80 కిలోమీటర్లు, అంటే సెకనుకి 22 మీటర్లు. 200 మీటర్ల వెనక అద్దంలో చుక్కలా ఉన్నవాడు తొమ్మిది సెకన్లలో మీ డిక్కీ మీదుంటాడు. ఆ డిక్కీకి ముందు వెనక సీట్లో కూర్చున్నది అమ్మ.

(నా చేతిలో గిన్నె అక్కడే ఆగింది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది, ఒక రాత్రి పల్లెటూళ్లో పెట్రోలు కొట్టించుకుని బంకులోంచి బయటికొస్తూ నేను నేరుగా ఎడమవైపు ఎక్కేశాను. అన్నీ తెలుసు నాకు. ఖాళీ రోడ్డు, అలసట, ముందు దారి చూపించడానికి ఒక్క బండీ లేదు, అంతే. ఎదురుగా ఎవరూ రాలేదు. మా ఆవిడ చెప్పేది వట్టి భయం కాదని నాకు తెలుసు.)

తమ్ముడు: అయితే కుడి లేన్‌లోనే లారీల వెనక 80లో వెళ్తా. ఎవరికీ అడ్డం రాను.

అక్క: అలా వెళ్తే నాకు అభ్యంతరం లేదు. కానీ గంటసేపు లారీ వెనక తలుపులే చూస్తూ వెళ్లలేవు, ఎవరూ వెళ్లలేరు. దాటడానికి బయటికి వస్తావు. ఆ బయటికొచ్చే క్షణం గురించే నా భయమంతా. పైగా మన దగ్గర లారీ కుడి లేన్ పట్టుకుని కూర్చుంటే ఎడమనుంచి దాటేస్తాం. దానికి ఇక్కడ జత ఏమిటంటే కుడివైపునుంచి దాటడం. అది నేరం. ఎడమ లేన్‌లోని వాడు నిన్ను అక్కడ ఊహించడు, చూడకుండా కుడికి వచ్చేస్తాడు.

తమ్ముడు: అక్కా, నువ్వు చెప్పేవి నాకు అర్థమవుతున్నాయి. ఇప్పుడు నా మాట విను. అమ్మ మోకాళ్లు చూశావుగా. ఎయిర్‌పోర్టునుంచి ఇక్కడికి వచ్చేసరికే స్టేషన్‌లో లిఫ్టు ఎక్కడుందో వెతుక్కుంటూ రెండు చోట్ల మెట్లెక్కింది. నాన్నకి గంటన్నరకోసారి దిగాలి. ఎవరినైనా అడగడానికి ఆయన మొహమాటపడతాడు, పొద్దుటినుంచీ నీళ్లు తాగడం మానేస్తాడు. రైలు టైముకి వస్తుందా? 2024లో జర్మనీ దూరప్రయాణపు రైళ్లలో టైముకి నడిచినవి 62.5 శాతమే. ఆలస్యమైతే తర్వాతి బండి పోతుంది, పెట్టెలు దించాలి, ఎక్కించాలి. కారులో అయితే "ఆపరా" అంటే ఆపుతా. పార్కింగ్ దగ్గర బల్లలుంటాయి, అమ్మ కట్టిన పులిహోర అక్కడ కూర్చుని తింటారు. వాళ్లు జీవితంలో ఒక్కసారి వచ్చారు. వారం రోజులూ నా వెనక బ్యాగులు పట్టుకుని నడిచేవాళ్లలా ఉండటం నాకు ఇష్టం లేదు. నచ్చినచోట దిగి కొండని చూడాలి.

అక్క: ... అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు: మరి?

అక్క: మ్యూనిక్‌నుంచి ఇటలీలో డోలమైట్ కొండల దగ్గరున్న బోల్జానోకి నేరుగా రైలుంది. నాలుగు గంటలు, మారక్కర్లేదు. కారు అక్కడ తీసుకో.

తమ్ముడు: అక్కడ తీసుకుంటే మొదటి అరగంటలోనే కొండ మలుపులు. ఎడమవైపు సీటు, కుడి చేత్తో గేరు, ఎదురుగా బస్సు. అద్దె కార్లలో గేర్లవే ఎక్కువ, ఆటోమేటిక్‌కి డబ్బులెక్కువ. మోటార్‌వే మీద ఎదురొచ్చేవాడు లేడు, సిగ్నల్ లేదు, అడ్డదిడ్డంగా దాటే మనిషి లేడు. కుడివైపు నడపడం నేర్చుకోవడానికి అంతకన్నా నయమైన చోటేది?

అక్క: ఊఁ. ఆ మాట నేను ఆలోచించలేదు. అయితే ఆటోమేటిక్కే తీసుకో, డబ్బులు నేనిస్తా. మరి దారి సంగతి? బ్రెన్నర్ దాకా చెప్పు.

తమ్ముడు: ఎ8, ఎ93 మోటార్‌వేలు, కుఫ్‌స్టైన్ దగ్గర ఆస్ట్రియా సరిహద్దు. ఆస్ట్రియాలో విన్యెట్ కావాలి, అంటే మోటార్‌వేల మీద తిరగడానికి ముందే కొనుక్కునే పాస్. డిజిటల్‌దైతే నంబర్ ప్లేటుకి ముడిపడి ఉంటుంది కాబట్టి, కారు చేతికొచ్చాక సరిహద్దు దాటకముందే నంబర్ చెప్పి కొంటా. ఇన్ లోయలో ఎ12 మీద పొగ తగ్గించడానికి 100 పెట్టారు, 130 కాదు. బ్రెన్నర్ ఎక్కే ఎ13కి విన్యెట్ చెల్లదు, విడిగా టోల్ కట్టాలి. ఇటలీలో టికెట్ తీసుకుని దిగేచోట డబ్బు కట్టాలి. పసుపు రంగు టెలిపాస్ లేన్ మన ఫాస్టాగ్ లాంటిది, అందులోకి వెళ్లను. వానపడితే అక్కడ 130 కాస్తా 110 అవుతుంది.

అక్క: ట్రాఫిక్ జామ్ అయితే?

తమ్ముడు: ఆగుతా.

అక్క: తప్పు. బళ్లు నెమ్మదించగానే, ఇంకా ఆగకముందే, ఎడమ చివరి లేన్‌లో ఉన్నవాళ్లు ఎడమ అంచుకి జరగాలి, మిగతావాళ్లంతా కుడికి జరగాలి. మధ్యలో అంబులెన్సుకి దారి ఏర్పడుతుంది. సైరన్ వినిపించాక కాదు, ముందే. రెట్టుంగ్స్‌గాసె అంటారు. చెయ్యకపోతే జర్మనీలో ఫైను 200 యూరోలనుంచి మొదలు. ఫైను సంగతి పక్కన పెట్టు. ఎవరి ఇంట్లో మనిషో ముందు రోడ్డు మీద పడి ఉంటాడు. మొదటిసారి వందల బళ్లు ఒక్కసారిగా రెండుగా చీలడం చూసినప్పుడు నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఈ రోడ్డు మీద నడిపే హక్కు కావాలంటే అది నీ చేతికి కూడా రావాలి.

తమ్ముడు: (కాసేపు ఆగి) అది నేను చదవలేదు.

అక్క: ఇంకోటి. వెరోనా పాత ఊళ్లోకి కారు తీసుకెళ్లకు. జెడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది, అంటే అనుమతి లేని బళ్లు లోపలికి రాకూడదని. వస్తే కెమెరా ఫొటో తీస్తుంది. నాతో పనిచేసే ఒకామెకి వేరే ఊళ్లో అలాగే అయింది. నెలల తర్వాత ఫైను కట్టమని మూడు ఉత్తరాలొచ్చాయి, అద్దె కంపెనీ ఆమె వివరాలు పంపినందుకు విడిగా ఇంకో రుసుము పట్టుకుంది. బయట పార్కింగ్‌లో పెట్టి టాక్సీలో వెళ్లండి. కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, చక్రాలకీ వీడియో తీసుకో.

తమ్ముడు: అంటే ఒప్పుకున్నట్టేనా?

అక్క: ఒప్పుకోలేదు. కారు శనివారం తీసుకో. ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను పక్కన కూర్చుంటా. ఆదివారం పెద్ద లారీలు తిరగవు. ఎ95 మీద గార్మిష్ వైపు వెళ్దాం, స్పీడ్ లిమిట్ లేని భాగాలున్నాయి. వెనకనుంచి వచ్చేవాళ్లు ఎంత త్వరగా దగ్గరవుతారో అద్దంలో నీ కళ్లతో చూడు. పక్కన యాభై మీటర్లకొక తెల్ల గుంజ ఉంటుంది. వందలో వెళ్తుంటే ముందు బండికీ నీకూ మధ్య ఒక గుంజ దూరం ఉండాలి, తగ్గకూడదు. దాటాక వెంటనే కుడికి వచ్చెయ్యాలి. ఎడమ లేన్‌లో మర్చిపోయి ఉండిపోవడం ఒకసారైతే చెప్తా, రెండోసారైతే చెప్తా.

తమ్ముడు: మూడోసారి?

అక్క: ఇంటికొచ్చి బోల్జానోకి మూడు రైలు టికెట్లు తీస్తా. కొండల్లో బస్సులో తిరగండి.

తమ్ముడు: సరే. నాన్నకి చెప్పనా?

అక్క: నాన్నకి చెప్పు. అమ్మకి మాత్రం చెప్పకు. తనూ వస్తానంటుంది.