హీటరు లేని బండికి హీటరు చిట్కా

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు అయిదోసారి వచ్చింది. మొదట వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా బావమరిది పంపాడు. తర్వాత మా ఆదివారం రైడింగ్ గ్రూపులో ముగ్గురు, ఒకరు పంపింది మరొకరు చూసుకోకుండా, వరుసగా పంపారు. నిన్న రాత్రి, జన్మలో మోటారు సైకిలు ఎక్కని మా బాబాయి కడప నుంచి "నీకు పనికొస్తుందిరా" అంటూ పంపాడు. "పదేళ్ళు దాటిన టూరింగ్ బైకు వేడెక్కుతోందా? షోరూమువాళ్ళు చెప్పని ఏడు రహస్యాలు" అని దాని శీర్షిక. చూడనివారి కోసం ఆ ఏడూ ఇవి: ఏసీ ఆపి హీటరు పెట్టడం, వేడెక్కిన వెంటనే రేడియేటరు మూత తీసి చల్లటి నీళ్ళు పోయడం, కూలెంటు (ఇంజను వేడిని రేడియేటరుకు మోసుకుపోయే ద్రవం) మానేసి మామూలు నీళ్ళు వాడడం, కారుతుంటే పసుపు వేయడం, చిక్కటి ఇంజనాయిలు పోయడం, థర్మోస్టాటు (ఇంజను తగినంత వేడెక్కేదాకా కూలెంటును రేడియేటరులోకి పోనివ్వని కవాటం) పీకి పారేయడం, ఇవేవీ పనిచేయకపోతే పాత బండికి వేడి సహజమని సరిపెట్టుకోవడం. నాది 2012 నాటి 250 సీసీ బండి. బెంగళూరు సిగ్నళ్ళలో దాన్ని మరిగించిన అనుభవం దండిగా ఉంది కనుక జవాబు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. ఓపిక చివరిదాకా నిలుస్తుందన్న హామీ మాత్రం ఇవ్వలేను.

మొదటి రహస్యంతోనే ఈ మెసేజ్ పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి. కారులో హీటరు పెడితే ఇంజను వేడి కొంత లోపలికి మళ్ళుతుంది కాబట్టి కారుకు అది మంచి సలహాయే. ఎవరో కార్ల కోసం రాసినదాన్ని తీసుకుని, "కారు" అన్నచోటల్లా "బైకు" అని దిద్ది, హీటరు దగ్గరికి వచ్చేసరికి దిద్దడం మరిచిపోయారు. నా బండికి ఏసీయే ఉంటే, బండ్లు కదలని సిల్క్ బోర్డు కూడలి దగ్గర దాన్ని ఆపుతానా?

రెండోది చదివి నవ్వుకోవడానికి వీల్లేదు. "ఆలస్యం చేయకుండా తడి గుడ్డతో మూత కొద్దిగా తిప్పి, ఆవిరి పోయాక చల్లటి నీళ్ళు పోయండి" అని రాశారు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ మామూలు నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటరులో అవి 110 డిగ్రీలకు చేరినా మరగకపోవడానికి కారణం ఆ మూతే. బయటి గాలి కంటే 1.1 బార్ ఎక్కువ ఒత్తిడి పట్టి ఉంచే మూత మంచి స్థితిలో ఉంటే ఇక్కడ వట్టి నీళ్ళు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, మరుగు స్థానం మళ్ళీ 97కు పడిపోతుంది, అదనంగా ఉన్న వేడి అంతా కొంత నీటిని అక్కడికక్కడే ఆవిరి చేస్తుంది. లెక్క వేసి చూడండి: 110 డిగ్రీల దగ్గర ఉన్న ఒక లీటరు నీటిలో రెండున్నర శాతం లోపే ఆవిరవుతుంది, కానీ ఆ కాస్త నీరే నలభై లీటర్లకు పైగా ఆవిరిగా ఉబ్బి, మిగిలిన మరుగునీటిని కూడా తనతోపాటు ఆ ఇరుకు మూతిలోంచి పైకి చిమ్ముతుంది. చాలా బండ్లలో ఆ మూత హ్యాండిలు కింద, ట్యాంకుకు ముందు ఉంటుంది కాబట్టి, తిప్పేవాడి ముఖం సరిగ్గా దాని మీదికే వంగి ఉంటుంది.

ఇది నేను కళ్ళతో చూశాను. హార్స్‌లీ హిల్స్‌కు వెళ్తూ చింతామణి దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, మాతో వచ్చిన ఒకాయన, వయసులోనూ అనుభవంలోనూ మా అందరికంటే పెద్దవాడు, తువ్వాలు తడిపి మూత మీద వేసి పావు వంతు తిప్పాడు. బుస్సుమన్న శబ్దం వినిపించిన తర్వాత ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తీసుకునే వ్యవధి లేదు. తడి గుడ్డ ఆవిరిని ఆపదు, పైగా వేడినీళ్ళను పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుని ఉంటుంది. ముంజేయి నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కింది. టీ కొట్టు ఆమె టూత్‌పేస్టు తెచ్చింది, ఇంకెవరో సిరా అన్నారు. కాలిన చోట ఇరవై నిమిషాలపాటు ధారగా చల్లటి నీళ్ళు పోయడం తప్ప ఆ సమయంలో చేయదగినది మరొకటి లేదు. టీ కొట్టు డ్రమ్ములో నీళ్ళుండబట్టి సరిపోయింది.

"ఇంజను ఆపేశాం కదా, ఇక చల్లారుతూనే ఉంటుంది కదా" అనేవారు ఇంకొక విషయం గమనించాలి. ఇంజను ఆపగానే పంపు కూడా ఆగుతుంది, కూలెంటు కదలడం మానేస్తుంది, ఇంజను పైభాగమైన సిలిండరు హెడ్డులోని వేడి అక్కడే నిలిచిన ద్రవంలోకి దిగుతుంది, అందువల్ల మొదటి కొన్ని నిమిషాలు వేడి తగ్గకపోగా పెరుగుతుంది. అంటే మెసేజ్ ఏ సమయంలో మూత తీయమంటోందో అది సరిగ్గా అన్నిటికంటే చెడ్డ సమయం. పోనీ, ఎవరికీ ఏమీ కాకుండా మూత వచ్చిందే అనుకుందాం. బాగా కాగిన అల్యూమినియం హెడ్డు మీదికి చల్లటి నీళ్ళు చేరితే అది వంకర పోవచ్చు, పగలవచ్చు, అప్పుడు చిన్న కూలెంటు సమస్య కాస్తా ఇంజను విప్పే సమస్య అవుతుంది. చేయవలసిందల్లా బండిని నీడకు చేర్చి, ఇంజను ఆపి, రేడియేటరు పక్కన అరచెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లబడేదాకా, ముప్పావు గంటో గంటో, కూర్చోవడం. చూడాలన్న ఆత్రం ఆగకపోతే పక్కనున్న రిజర్వు డబ్బాలో మట్టం చూడవచ్చు. దానికి ఏ మూతా తీయనక్కరలేదు.

మూడోదైన మామూలు నీళ్ళ విషయంలో నేను ఒప్పుకోవలసినది ఒకటి ఉంది, నాకు అంత ఇష్టం లేకపోయినా. వేడిని మోసుకుపోవడంలో కూలెంటు కంటే వట్టి నీళ్ళే మెరుగు. సగం నీళ్ళు, సగం గ్లైకాలు (కూలెంటులో ఉండే ముఖ్యమైన రసాయనం) కలిపిన ద్రవం ఒక డిగ్రీ పెరిగేలోపు మోయగల వేడి, అంతే బరువున్న నీళ్ళు మోసేదానికంటే పది శాతానికి పైగా తక్కువ. చాలా రేసు ట్రాకుల్లో గ్లైకాలు పోయనివ్వరు, అక్కడి బండ్లు చాలావరకు స్వేదన జలంలో తుప్పు నిరోధకం కలుపుకుని పరుగెత్తుతాయి. గ్లైకాలు ట్రాకు మీద ఒలికితే జారుతుంది కాబట్టి ఆ నియమం. కనుక దారిలో ఆగిపోయి, బండి చల్లబడ్డాక, సీసాలోని తాగునీళ్ళు పోసుకుని ఇల్లు చేరినవాణ్ణి నేను తప్పుపట్టను, నేనూ చేశాను. కానీ మెసేజ్ చెప్పేది ఇల్లు చేరడం గురించి కాదు, ఏడాది పొడవునా "బోరు నీళ్ళు చాలు" అంటోంది. బెంగళూరు బోరు నీళ్ళు ఏం చేస్తాయో తెలుసుకోవడానికి రేడియేటరు విప్పక్కరలేదు, రెండేళ్ళు వాడిన గీజరు కాయిలు బయటికి తీయించి దాని మీది తెల్లటి సున్నపు పెచ్చు గోటితో గీకి చూడండి. అదే పెచ్చు రేడియేటరు గొట్టాల లోపల పట్టాక, వేడి గాలికి చేరే దారి మూసుకుపోతుంది. కూలెంటులో తుప్పు నిరోధకాలుంటాయి, అవి రెండు మూడేళ్ళలో అయిపోతాయి కాబట్టే మార్చమంటారు. కలపడానికి స్వేదన జలం కావాలంటే బ్యాటరీ వాటరు అని అడగండి. అయితే కొట్టువాడు బ్యాటరీ యాసిడ్ ఇవ్వలేదని సీసా మీద ఒకసారి చదువుకోండి.

పసుపు గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. పాత లారీల వెడల్పాటి ఇత్తడి గొట్టాల్లో చిన్న చిల్లిని అది కొంతకాలం పూడ్చేదని మా నాన్నగారి తరంవాళ్ళు ప్రమాణం చేసి చెబుతారు, నేను కాదనను. బైకు రేడియేటరు గొట్టాలు సన్నగా, పలకల్లా నొక్కినట్టు ఉంటాయి. పసుపుకు చిల్లి ఏదో, దారి ఏదో తెలియదు, రెండూ పూడుస్తుంది. పులిహోరకు పనికొచ్చేదంతా రేడియేటరుకు పనికిరాదు. అసలు ఎక్కడ కారుతోందో చూడకుండా పూడ్చడమేమిటి? పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి చుక్కలు పడుతుంటే లోపలి సీలు పోయిందని బండే చెబుతోందన్నమాట, ఆ నోరు మూయిస్తే కూలెంటు వెళ్ళి ఇంజనాయిలులో కలుస్తుంది.

చిక్కటి ఆయిలు వేడెక్కడాన్ని ఆపదు. మీ బండి పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అది పోయండి.

పాత బండికి వేడి సహజమన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. 1975లో వచ్చిన హోండావాళ్ళ టూరింగ్ బైకు, మొదటి గోల్డ్ వింగు కూడా రేడియేటరుతోనే వచ్చింది, దాన్ని ఇప్పటికీ ప్రేమగా నడుపుకునేవారున్నారు. వయసుకు రబ్బరు గట్టిపడుతుంది, స్ప్రింగు సడలుతుంది, వైర్ల కొసలు చిలుమెక్కుతాయి. ఇవి విడివిడిగా, పేరు పెట్టి చూపించగల లోపాలు. మూతకున్న రబ్బరు వాషరు చిట్లితే ఒత్తిడి నిలవదు. మధ్యనుండే చిన్న కవాటం పట్టేస్తే, చల్లబడేటప్పుడు రిజర్వు డబ్బాలోని కూలెంటు వెనక్కి రాదు. డబ్బా నిండుగానే కనిపిస్తుంది, రేడియేటరు మాత్రం ఖాళీ అవుతుంది. కొత్త మూత కొంటే పోయేదానికి "వృద్ధాప్యం" అని పేరు పెట్టడం సోమరితనం.

ఇక థర్మోస్టాటు. ఎప్పుడు వేడెక్కుతోంది అన్న ప్రశ్న ఈ మెసేజ్ ఏడు రహస్యాల్లో ఒక్కచోట కూడా అడగదు, నాకు అసలు కోపం అక్కడే. సిగ్నళ్ళ దగ్గర, నిలిచినప్పుడు మాత్రమే ఎక్కి, కదలగానే దిగితే లోపం ఫ్యాను వైపుంది. హైవే మీద, గాలి దండిగా తగులుతున్నప్పుడు ఎక్కితే లోపల ప్రవాహం సరిగా లేదు, అంటే కూలెంటు తక్కువైనా ఉండాలి, గాలి బుడగ చిక్కుకునైనా ఉండాలి, పంపో రేడియేటరో థర్మోస్టాటో చెడైనా ఉండాలి. చల్లటి ఇంజను మొదలుపెట్టినప్పుడే రేడియేటరులో బుడగలు ఎడతెగక వస్తుంటే, బయట ఎక్కడా కారకుండా మట్టం తగ్గుతుంటే, అప్పుడు హెడ్డుకూ సిలిండరుకూ మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. సిల్క్ బోర్డు దగ్గర వేడి చూపే ముల్లు 105 చూపించే వేళకు, బాగున్న థర్మోస్టాటు ఎప్పుడో పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. తెరిచి ఉన్న తలుపును ఊడబీకితే గదిలోకి గాలి ఎక్కువ రాదు. పైగా పెట్రోలును కంప్యూటరు కొలిచి పోసే ఇంజెక్షను బండిలో ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉందని సెన్సరు చెబుతుంటే పెట్రోలు ఎక్కువ పడుతుంది, మైలేజి పోతుంది, ఇంజను అరుగుతుంది.

అది చెడిందో లేదో తెలుసుకోవడం అరగంట పని. థర్మోస్టాటును దారంతో కట్టి, అడుగుకు తగలకుండా గిన్నెలో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు పెట్టి, నీళ్ళు నెమ్మదిగా కాచాను. నాది 82 దగ్గర వెంట్రుకంత సందు విడిచింది, 95 వచ్చేసరికి ఎనిమిది మిల్లీమీటర్లు లేచింది, పొయ్యి ఆపాక మెల్లగా మూసుకుంది. అంటే దానిలో ఏ దోషమూ లేదు. మా ఆవిడ ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, ఆమె చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు విషం, రుచికి తియ్యగా ఉంటుంది, అందుకే తీసిన కూలెంటును వీధి కాలువలో వదిలితే కుక్కలు నాకి చస్తాయి.

నా బండిలో దోషం ఫ్యానుదే అని తేలింది. అంతకు ముందు ఒక మెకానిక్ వైర్లు తిరగేసి కలిపాడు, ఫ్యాను శబ్దం చేస్తూ తిరిగేది, కానీ గాలిని ఇంజను వైపు లాగవలసింది పోయి ముందుకు నెట్టేది. రెండు వారాలు ఆ శబ్దం విని ధైర్యంగా ఉన్నాను. చివరికి రేడియేటరు ముందు ఒక కాగితపు ముక్క పట్టుకుంటే అది జాలీకి అతుక్కోకుండా నా చేతి వైపు ఎగిరింది.

మా బావమరిది నిన్న ఫోన్ చేసి, "బావా, హోస్కోటె దాటితే బాగానే ఉంటోంది, టిన్ ఫ్యాక్టరీ సిగ్నలు దగ్గరే ఎక్కుతోంది" అన్నప్పుడు ఇంకేమీ అడగలేదు, బండి తెమ్మన్నాను. ఫ్యానును నేరుగా బ్యాటరీకి కలిపితే శుభ్రంగా తిరిగింది, కాగితం కూడా అతుక్కుంది. వైరు జోడింపు విప్పితే లోపలి పిన్ను పచ్చగా చిలుమెక్కి ఉంది. గీకి, తుడిచి, బిగించి, నిలబెట్టిన చోటే ఇరవై నిమిషాలు ఇంజను నడిపించాం, ఫ్యాను తనంతట తాను రెండుసార్లు తిరిగి ఆగింది. అయితే మొదటిసారి అది తిరగడానికి అంతసేపు ఎందుకు పట్టిందని అడిగితే, అతను కాస్త తటపటాయించి, మెసేజ్ చూసి పోయిన వారమే థర్మోస్టాటు తీయించేశానన్నాడు. అదెక్కడ అంటే మెకానిక్ దగ్గరే వదిలేశాడట. శనివారం ఇద్దరం విడిభాగాల కొట్లుండే జేసీ రోడ్డుకు వెళ్తున్నాం, కొత్త థర్మోస్టాటు దాని రబ్బరు రింగుతో సహా కొనాలి.