స్కాన్ నాకు, నిర్ణయం మాత్రం ఊరంతటిదా?

ఇప్పుడే మా ఇంట్లో భోజనాల దగ్గర గొడవైంది, ఆ కోపంలోనే రాస్తున్నాను. నాకు ఐదో నెల. శనివారం టిఫా స్కాన్‌కి, అంటే కడుపులో బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే అల్ట్రాసౌండ్‌కి, అపాయింట్‌మెంట్ తీసుకున్నానని చెప్పాను, అంతే. నల్గొండ నుంచి వచ్చిన మా పెద్దత్తమ్మ తినే చెయ్యి ఆపి, "మూడో నెలల ఒకటి తీయించుకుంటివి గదా బిడ్డా, మళ్లెందుకు? ఆ కిరణాలు కడుపుల పిల్లకు తగుల్తే ఎట్ల? మేం కనలేదా?" అన్నారు. ఆమె పెద్దావిడ, ఆమెకు తెలియదు అనుకుందాం. బీటెక్ చదివి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న మా ఆయనకేమైంది? "అవును, ఒక నెల ఆగి చూద్దాం" అంటారా!

అందులో కిరణాలు లేవండీ. అది శబ్దం. మన చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపితే, అది తిరిగి వచ్చేదాన్ని బట్టి మెషిన్ బొమ్మ కడుతుంది. రేడియేషన్ ఉండేది ఎక్స్‌రేలో, సీటీ స్కాన్‌లో. 24 వారాల లోపు కనీసం ఒక్క స్కాన్ అయినా ప్రతి గర్భిణికీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. ఎవరికీ అక్కర్లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఆడియో మాత్రం ఇంటిల్లిపాదీ వింటారు.

"ఒక నెల ఆగుదాం" అనే మాటకే నాకు ఎక్కువ మండింది. టిఫా చేసేది 18 నుంచి 22 వారాల మధ్య. తల, వెన్నెముక, గుండెలో గదులు, కిడ్నీలు, పెదవులు, మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుంది, అన్నీ వరసగా చూస్తారు. ఏదైనా తేడా కనిపిస్తే మళ్లీ పరీక్షలు, వేరే డాక్టర్లు, వాటికీ రోజులు పడతాయి. అంత పెద్ద సమస్యే బయటపడితే గర్భం ఉంచుకోవాలా, తీయించుకోవాలా అని తేల్చుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 24 వారాలు, అది దాటితే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. గుండెలో లోపం ఉందని ముందే తెలిస్తే, పుట్టగానే వైద్యం అందే ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవచ్చు. ఆ నెల పోతే ఎవరు తెచ్చిస్తారు నాకు?

అవసరం లేకపోయినా నెలకో స్కాన్ రాసే చోట్లు సిటీలో ఉన్నాయి, నాకూ తెలుసు. దాని మీద నాకూ కోపమే. కానీ అది డాక్టర్‌ని నిలదీసి అడగాల్సిన మాట, ఈ ఒక్క స్కాన్ మానేయడానికి సాకు కాదు. డబ్బు సంగతా? పేట్లబురుజు సర్కారు ఆసుపత్రిలోనూ టిఫా చేస్తారు, పోయి లైన్లో కూర్చుంటాను.

ఇక అసలు విషయం వినండి. చేతులు కడుక్కున్నాక ఇదే పెద్దత్తమ్మ మా ఆయన్ని పక్కకు పిలిచి అడుగుతున్నారు, "తెలిసినోళ్లుంటే పిల్లగాడో పిల్లో చెప్తరంట గదా?" వంటింట్లో నాకు స్పష్టంగా వినపడింది. అప్పుడు కిరణాలు తగలవా? నాకు ముందే ఒక కూతురుంది. అది పుట్టినప్పుడు కూడా ఈవిడే మంచం పక్కన నిలబడి "పోనీలే" అన్నారు. కుట్లు నొప్పిలో ఉన్నా ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను.

ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా లింగ నిర్ధారణ చేయబడదు అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది. 1994లో చట్టం వచ్చింది. చెప్పినవాళ్లకీ జైలే, చెప్పించుకున్నవాళ్లకీ జైలే. అయినా అడుగుతారు. బిడ్డ గుండె ఎలా ఉందో అడగరు.

మా అక్క సంగతి చెప్పకుండా ఉండలేను. ఆమె అత్తగారింట్లోనూ ఇదే పాట, "స్కానింగులు వద్దు, దేవుడున్నాడు." మాయ కిందికి, గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉందని ఎవరికీ తెలియదు. ఎనిమిదో నెలలో అర్ధరాత్రి రక్తస్రావం మొదలైంది. ఉప్పల్ నుంచి ఆటోలో తీసుకెళ్తుంటే ఆమె చెయ్యి చల్లబడిపోవడం నేను పట్టుకుని చూశాను. రక్తం ఎక్కించి, ఆపరేషన్ చేసి ఇద్దర్నీ బతికించారు. వద్దన్నవాళ్లలో ఒక్కరూ ఆ రాత్రి రక్తం ఇవ్వడానికి రాలేదు. మర్నాడు మాత్రం బాబు పుట్టాడని స్వీట్లు పట్టుకుని వచ్చారు! అక్క మొహం కూడా చూడకుండా ఊయల దగ్గరికి వెళ్లారు. ఇన్నేళ్లయినా వాళ్లింట్లో ఫంక్షన్‌కి పిలిస్తే నాకు కాలు కదలదు.

వాంతులు నావి, నడుం నొప్పి నాది. ఆ సెంటర్‌లో కడుపు నిండా నీళ్లు తాగి గంటలు కూర్చునేది నేను. "బేబీ తిరగలేదు, కాసేపు నడిచి రండి" అంటే మెట్లెక్కి దిగేది నేను. సంతకం నాది, ఆధార్ నాది. నా డాక్టరమ్మ చేయించుకోమన్నారు, నేను సరే అన్నాను. ఇంకెవరి సరే కావాలి?

అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయమని మా ఆయన ఫోన్ నా ముందు పెట్టారు. చేయలేదు. శనివారం ఆయన వస్తే ఆయనతో, రాకపోతే అక్కతో వెళ్తాను.